తాళం చెవి నా కుట్టుమిషను సొరుగులో

మా ఊరి తుఫాను షెల్టరు కమిటీ ఎప్పుడు కూర్చున్నా ఒక పెద్దమనిషి లేచి అదే మాట అంటారు. "ప్రాణాలు కాపాడుకోమని సర్కారు కట్టించిన భవనం అది. అందులో పెళ్లిళ్లేమిటి, వలలేమిటి, అంగన్‌వాడీ పిల్లల గోలేమిటి? రంగు వేయించి తాళం పెట్టి ఉంచితే ఇరవై ఏళ్లయినా కొత్తగా ఉంటుంది." వరసకు ఆయన నాకు పెదమామగారు. అందుకని ఎదురు చెప్పను. అద్దె పుస్తకం తెరిచి ఆ నెల జమాఖర్చు పైకి చదువుతాను. చివరి అంకె వినేసరికి ఆయన కూర్చుంటారు. తరువాతి సమావేశంలో మళ్లీ లేస్తారు.

ఆయనకు చెప్పలేని జవాబంతా ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఫోనులో వాతావరణం తప్ప మరేదీ చూడరు కనుక ధైర్యంగానే రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. బాహుదా నది ఇచ్ఛాపురం పక్కగా పారి, మళ్లీ ఒడిశాలోకి వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుకు దగ్గర్లో ఉన్న మత్స్యకారుల పల్లె మాది. నేను ఇచ్ఛాపురంలో చదువుకుని ఇక్కడికి కోడలిగా వచ్చాను. పెద్ద బజారుకైనా, పెద్ద ఆసుపత్రికైనా బరంపురం వెళ్తాం. కలెక్టరు ఆఫీసు పని పడితే ఛత్రపురం. ఇళ్లల్లో తెలుగు, కాగితాల మీద ఒడియా. హాలుకు కూడా రెండు పుస్తకాలు ఉన్నాయి. బ్లాకు ఆఫీసు వాళ్లు వచ్చినప్పుడు చూపించే రిజిస్టరు ఒడియాలో మా వార్డు మెంబరు రాస్తాడు. ఎవరు ఎన్ని కుర్చీలు విరగ్గొట్టారో ఉండే పుస్తకం తెలుగులో నేను రాస్తాను. ఊరికి భయం రెండో పుస్తకమంటేనే.

షెల్టరు అన్నది కాగితం మీది పేరు. మేమంతా హాలు అనే అంటాం. అది స్తంభాల మీద నిలబడ్డ భవనం. కింది అంతస్తుకు గోడలు లేవు. ఉప్పెన వస్తే నీరు స్తంభాల మధ్యగా దాటిపోవాలే తప్ప గోడను గుద్దకూడదని అలా కట్టారు. పైన ఒక పెద్ద గది, రెండు చిన్న గదులు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరుగా మరుగుదొడ్లు, మేడ మీదికి మెట్లు. నడవలేని ముసలివాళ్లను ఎక్కించడానికి వెడల్పాటి ర్యాంపు. సామాన్ల గదిలో జనరేటరు, చెట్లు కోసే మోటారు రంపం, లైఫ్ జాకెట్లు, స్ట్రెచరు, తాళ్లు, చేతి మైకు, ఊరంతటికీ సరిపోయే గుండిగలు. సముద్రం మూడు వందల అడుగుల దూరం కూడా ఉండదు. గాలి అటు నుంచి తిరిగితే గచ్చు మీద ఉప్పు చేతికి అంటుకుంటుంది.

ఇలాంటివి ఎందుకు కట్టారో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. 1999 అనగానే అందరికీ అక్టోబరు 29 నాటి మహా తుఫాను గుర్తొస్తుంది. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేలమంది పోయారు. మా ఊరి ముసలివాళ్లు మాత్రం దానికంటే ముందు, అదే నెల మధ్యలో గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఇంకో తుఫాను సంగతి చెబుతారు. మా ఇళ్లను లేపుకుపోయింది అదే. రెండోది అంత పెద్దది కావడంతో మొదటిదాన్ని లోకం మరిచిపోయింది. ఆ డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం విపత్తుల కోసమే ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. తరువాత తీరం పొడవునా షెల్టర్లు లేచాయి. 2013 అక్టోబరు 12న, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. అంతకుముందే రాష్ట్రంలో దాదాపు పది లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించి లోపలికి తీసుకుపోయారు కాబట్టి 1999 మళ్లీ రాలేదు. అప్పటికి మాకు హాలు లేదు. ఊరంతా బడిలో రెండు స్లాబు గదుల్లో కూర్చున్నాం. కూర్చున్నాం అని రాశాను గాని, చాలామంది నిలబడే ఉన్నారు. మా హాలు ఆ తరువాత కట్టినది.

తాళం చెవి నా కొట్టులో, కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. రెండోది ర్యాంపుకు ఎదురింటి పిన్ని దగ్గర. మొదట్లో సర్పంచ్ దగ్గరా, ఒక పడవ యజమాని దగ్గరా ఉండేవి. సర్పంచ్ పొద్దున్నే మీటింగులకు పోతాడు. పడవ యజమాని తెల్లవారుజామున మూడింటికే సముద్రం మీద ఉంటాడు. మా ఊరి మగవాళ్లలో సగంమంది ఏడాదిలో ఎక్కువ భాగం విశాఖ, చెన్నై, మంగళూరు రేవుల్లో మరపడవల మీద పనిచేస్తారు. రాత్రి సైరను మోగితే ఊళ్లో తప్పకుండా ఉండేది ఆడవాళ్లే. ఇందులో స్త్రీల అభ్యున్నతి ఏమీ లేదు, తలుపు ఎవరు తీయగలరన్న లెక్క ఒక్కటే. మిషన్ శక్తి అనే ఒడిశా మహిళా పొదుపు సంఘంలో మేం అప్పటికే పొదుపు లెక్కలు రాస్తున్నాం గనుక పుస్తకం కూడా మా వైపే వచ్చింది.

ఇనుప తాళాలు మాకు పనికిరావు, ఒక్క వానాకాలానికే బిగుసుకుపోతాయి. ఇత్తడి తాళమే వాడాలి. దానికీ నెలకోసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయాలి. తలుపు బందులకు మాత్రం పడవ ఇంజన్లలో మార్చిన పాత ఆయిలు చాలు. అది ఊళ్లో ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ప్రభుత్వం భవనం ఇస్తుంది, సామాను ఇస్తుంది, కమిటీ వేయిస్తుంది, ప్రతి జూన్‌లో తుఫాను వస్తే ఏం చేయాలో కసరత్తు చేయిస్తుంది. మేడ మీద నీటి ట్యాంకు పగిలితే మాత్రం ఆ రోజు మనమే చూసుకోవాలి. అర్జీ పెడితే వస్తారు. ఎప్పుడో వస్తారు. అందుకని అద్దె పెట్టాం. ఊరివాళ్ల పెళ్లికి రూ.1,500, బయటి ఊరివాళ్లకు రూ.4,000, సీమంతం, ఓణీల వేడుక లాంటివాటికి రూ.500. మనిషి పోయిన ఇంటివాళ్ల దినకార్యానికి అద్దె లేదు. అంగన్‌వాడీకీ, టీకాల రోజుకూ లేదు. కరెంటుకు వేరే చిన్న మీటరు పెట్టించాం. పెళ్లి మొదలవక ముందు అంకె, అయిపోయాక అంకె, పెళ్లివారి ఎదుటే పుస్తకంలో రాస్తాం. అద్దె కన్నా ఈ మీటరు వల్లే ఎక్కువ తగాదాలు తీరాయి. "మేం రెండు ఫ్యాన్లే వేశాం" అన్న మాటకు ఇప్పుడు విలువ లేదు.

అడ్వాన్సు వెయ్యి రూపాయలు మరుసటి పొద్దున హాలు తుడిచి చూపించాకే తిరిగి ఇస్తాం. ఈ నియమం పెట్టాక పెళ్లికూతురి మేనమామలు కూడా చీపురు పట్టడం చూశాను.

ఎవరికి ఇవ్వాలన్న గొడవ మొదటి సంవత్సరమే వచ్చింది. ఊరి చివర వీధివాళ్లు పెళ్లికి అడిగితే ఒకరిద్దరు పెద్దలు సణిగారు. వార్డు మెంబరు ఒడియా రిజిస్టరు తెచ్చి, భవనం ఎవరిదో మొదటి పేజీలో రాసి ఉన్నది పైకి చదివాడు. నేను తెలుగు పుస్తకంలో వాళ్ల పేరు, తేదీ రాసి రసీదు చింపి ఇచ్చాను. రసీదు చేతిలో పడ్డాక వాదన ఎక్కువసేపు నడవదు. పార్టీల వాళ్లకూ ఇస్తాం, జెండాలు కట్టకపోతే, అద్దె ముందే కడితే. ఆ రెండు షరతులూ వినగానే చాలామటుకు వేరే చోటు చూసుకుంటారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతటా మరపడవలకు వేట నిషేధం. విశాఖ, చెన్నై వెళ్లినవాళ్లు ఇళ్లకు వచ్చేది అప్పుడే. వైశాఖ మాసపు ముహూర్తాలూ అప్పుడే. పిల్లకు పెళ్లి చేయాలంటే తండ్రి ఊళ్లో ఉండాలి కదా. అందువల్ల హాలుకు ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఆ రెండు నెలల్లోనే. ఒకే ముహూర్తానికి ఇద్దరు వస్తే పుస్తకంలో ముందు పేరున్నవాళ్లది. రెండోవాళ్లకు కింది అంతస్తు ఇస్తామంటే ఒకసారి ఒప్పుకున్నారు. పైన ఒక పెళ్లి, కింద ఒక పెళ్లి. రెండు బాజాలూ కలిసి మోగితే ఏ పెళ్లికొడుకు మెడ వంచాలో తెలియలేదు. ఆ ప్రయోగం మళ్లీ చేయలేదు. రాత్రి పదికి బాక్సులు ఆపించడం కూడా నా పనే. 2000 సంవత్సరపు శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు ఉండకూడదు. ఆ సంగతి ఒడియాలో పెద్ద అక్షరాలతో రాయించి స్విచ్చుల పక్కనే అతికించాను. తెలుగులో రాస్తే నేను రాశాననుకుంటారు, ఒడియాలో ఉంటే సర్కారు రాసిందనుకుంటారు.

అదే నిషేధం రోజుల్లో వలల పని కూడా ఉంటుంది. ఎండలో కూర్చుని వల బాగుచేయలేరు. స్తంభాల కింద నీడ, గాలి, గచ్చు, అన్నీ ఉన్నాయి. పొద్దున్నుంచీ ముసలివాళ్లంతా అక్కడే. బొటనవేలికి వల తగిలించి లాగుతూ, తెగిన కళ్లు అల్లుతూ, తమ కాలంలో చందువ చేపలు ఎంతెంత ఉండేవో అబద్ధాలు చెప్పుకుంటూ ఉంటారు. దాన్ని ఆపాలని ఎవరూ అనరు, ఆపితే ఊరు ఊరుకోదు కూడా. గొడవంతా తడి వలలతో. సముద్రం నుంచి తెచ్చిన వలను అలాగే స్తంభానికి చుట్టి ఆరబెడితే ఉప్పునీరు స్తంభం మొదట్లోకి కారుతుంది. మంచినీటితో జాడించి ఆరిన వలే కిందికి రావాలి అన్నది నియమం. చెప్పినప్పుడు నవ్వారు. "అమ్మాయ్, సముద్రం ఒడ్డున కట్టిన ఇంటికి ఉప్పు తగలకూడదంటే ఎలా?" అని ఒక తాత అడిగాడు. ఆయనను లేపి దూలం కిందికి తీసుకుపోయి చూపించాను.

అక్కడ నేను చూపించినదాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. హాళ్లు చచ్చేది దీనివల్లే.

సముద్రం వైపు దూలం అడుగున, రంగు మీద, వెంట్రుకంత సన్నటి గోధుమరంగు గీత కనబడుతుంది. చాలామంది దాన్ని వాననీటి మరక అనుకుంటారు. చిన్న సుత్తితో దాని పక్కన తట్టాలి. మంచి కాంక్రీటు ఖణేల్‌మంటుంది. గీత ఉన్నచోట డొల్లగా, మొద్దుగా మోగుతుంది. లోపలి ఇనుప ఊచ తుప్పు పట్టిందన్నమాట. ఉప్పుగాలిలోని క్లోరైడు సన్నటి పగుళ్ల గుండా, గుల్ల కాంక్రీటు గుండా ఊచ దాకా చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. మూత బిగించిన సీసాలో శనగలు నానబెట్టినట్టే, లోపలిది ఉబ్బి బయటిదాన్ని పగలగొడుతుంది. ఆ పగులులోంచి ఇంకా ఉప్పు, ఇంకా తుప్పు. ఒక వానాకాలం వదిలేస్తే పెచ్చు ఊడి కింద పడుతుంది. కింద అంగన్‌వాడీ పిల్ల ఉందా, వల అల్లే తాత ఉన్నాడా అని అది చూడదు.

దీనికి మందు రంగు కాదు. మా హాలులో మొదటిసారి ఈ గీతలు కనబడ్డప్పుడు బయటినుంచి వచ్చిన పనివాళ్లు సిమెంటు పాలు పూసి, పైన లేత నీలం రంగు కొట్టి, ఫొటో తీసుకుని పోయారు. మరుసటి ఏడాదికి గీతలు నీలం రంగు మీద తేలాయి. తరువాత ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన డొల్ల మోగినంత మేర చెక్కించేశాడు. ఊచ చుట్టూ, వెనక కూడా వేలు దూరేంత చోటు చేయించాడు. వైరు బ్రష్షుతో ఊచ మెరిసేదాకా గీకించాడు. సాయంత్రం అయిపోతే ఊచను అలా వదలనివ్వలేదు. రాత్రి ఉప్పుగాలికి మళ్లీ ఎర్రబడుతుందని అదే రోజు జింకు ప్రైమరు పూయించాడు. ఆపైన పాలిమరు కలిపిన సిమెంటు మాలు పొరలు పొరలుగా నొక్కించి, తడి గోనెలు కట్టించి వారం రోజులు నీళ్లు కొట్టించాడు. ఆ నీళ్లు కొట్టింది మా సంఘం ఆడవాళ్లం, వంతులవారీగా. ఆ చోట గీత ఇంతవరకూ రాలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి ఇసుక. మా దగ్గర ఇసుకకు కొదవేముంది, కాళ్ల కింద అంతా ఇసుకే. బాహుదా సముద్రంలో కలిసే చోటిదీ చూడడానికి ఏటి ఇసుకలాగే ఉంటుంది. కాని పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు అక్కడి దాకా ఎక్కుతుంది. ట్రాక్టరు వచ్చి ఇసుక దించగానే మేస్త్రీ చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేసి, "తిప్పి పంపించమ్మా" అన్నాడు. ట్రాక్టరువాడు ఏటి ఇసుకేనని ఒట్టు పెట్టాడు. "ఏరే, కాదనను. ఎగువ నుంచి తీసుకురా" అన్నాడు మేస్త్రీ. అప్పటినుంచి ఊళ్లో ఎవరి ఇంటికి ఇసుక వచ్చినా ముందు నన్ను రమ్మంటారు. ఎంత మర్యాదో చూడండి, వెళ్లి ఇసుక నాకాలి.

పెళ్లివారి కన్నా నాకు పందిరి కట్టేవాళ్ల మీద కోపం ఎక్కువ. పసుపు మరకలు ఎండకు వెలిసిపోతాయి. పాన్ ఉమ్ములు కడిగితే పోతాయి, ఉమ్మినవాడి చేతే కడిగిస్తే మరీ బాగా పోతాయి. పందిరివాళ్లు మాత్రం ప్రతిసారీ గుడ్డ బిగించడానికి స్తంభాలకూ దూలాలకూ మూడంగుళాల మేకులు కొట్టేవారు. పెళ్లి అయ్యాక గుడ్డ లాక్కుపోతారు, మేకు అక్కడే తుప్పు పడుతుంది. పీకినా చిల్లు మిగులుతుంది. ఉప్పుగాలికి ఊచ దాకా దారి వేసి ఇచ్చినట్టే. అరిచి లాభం లేకపోయింది. చివరికి ఒక సీజను అద్దె డబ్బుతో గోడ పొడవునా స్టీలు కొక్కేలు పెట్టించి, చుట్టూ ఎపాక్సీతో మూయించాం. బరంపురంలో కొట్టు యజమాని 304 రకం స్టీలు చూపించి చవక అన్నాడు. సముద్రం పక్కన దానికీ మచ్చలు వస్తాయి, 316 కావాలి. ఖరీదు విని కమిటీలో అరగంట మౌనం పాటించారు. ఇప్పుడు కొక్కేల మధ్య తాడు ఎప్పుడూ కట్టే ఉంటుంది, పందిరివాళ్లు గుడ్డ వేసి ముడి వేసుకుంటే చాలు. మేకు కొడితే ఒక్కోదానికి రూ.100 అని గోడమీద ఉంది. ఇంతవరకూ వసూలైంది ఒక్కరి దగ్గరే. అతను మా తమ్ముడి స్నేహితుడే. అందుకే ముందు అతని దగ్గరే వసూలు చేశాను.

వంట పొయ్యిలు స్తంభాల కింద పెట్టనివ్వం. మసి సంగతి అటుంచి, అంత మంట పైన స్లాబుకు తగలడం మంచిది కాదు. వెనక రేకుల పాక వేశాం, వంటలన్నీ అక్కడే. కుర్చీల వెనక ఎర్ర రంగుతో అంకెలు వేశాం. అయినా ఏటా కొన్ని ఎక్కడికో నడిచిపోతాయి.

జనరేటరు సంగతికి వస్తే, పెదమామగారి "కొత్తగా ఉంచడం" అన్నది అక్కడే తేలిపోతుంది. వాడని జనరేటరు పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, డీజిలులో నీరు అడుగున చేరుతుంది, ఆ నీటిలో పాచి పట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. మేం పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున నడుపుతాం. ఊరికే గుడగుడలాడిస్తే లాభం లేదు, బరువు పడాలి. అందుకని నీటి మోటారు దాని మీదే వేసి మేడ మీది ట్యాంకు నింపుతాం. వానాకాలం తరువాత, తుఫానుల రోజులకు ముందు, ట్యాంకులోని పాత డీజిలు తీసి పడవలవాళ్లకు కొంచెం తక్కువకు అమ్మి కొత్తది పోస్తాం. వాళ్ల ఇంజన్లు రోజూ తిరిగేవే కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. బ్యాటరీలో డిస్టిల్డు వాటరు చూడడం ఎదురింటి పిన్ని పని. ఆవిడకు చదువు రాదు గాని గీత కిందికి నీరు దిగితే ఊరు వినేలా కేక వేస్తుంది.

నీళ్ల ట్యాంకు మూడు నెలలకోసారి కడుగుతాం. క్లోరినుకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, ఒక గంట ఆగాక వాడాలి. మా తేమకు మూత వదులుగా ఉన్న డబ్బాలో పౌడరు బలం చచ్చిపోతుంది, కాబట్టి చిన్న పొట్లాలే కొంటాం. మరుగుదొడ్ల గురించి రాయబుద్ధి కావడం లేదు. ఒక్క మాట చెబుతాను: మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచే హాలుకు తుఫాను రాత్రి ఆడవాళ్లు రారు.

2018 అక్టోబరు. ఆ ఏడాది దేవీ నవరాత్రులు 10న మొదలయ్యాయి. పూజ కమిటీ కుర్రాళ్లు వెదుళ్లు, పందిరి గుడ్డలు, సౌండు బాక్సులు, లైట్ల తోరణాలు, చివరికి అమ్మవారి విగ్రహం కూడా తెచ్చి పెద్ద గదిలో పెట్టారు, అద్దె కట్టి రసీదు తీసుకునే. 9నే సముద్రంలో ఉన్నది తుఫానుగా మారిందన్నారు, దానికి తిత్లీ అని పేరు. 10 మధ్యాహ్నానికి పోలీసులు, బ్లాకు వాళ్లు మైకుల్లో తిరగడం మొదలుపెట్టారు. ముసలివాళ్లు, పిల్లతల్లులు ర్యాంపు ఎక్కి వచ్చేసరికి గదిలో కాలు పెట్టే చోటు లేదు. పూజ కమిటీ నాయకుడు రసీదు చూపించాడు. "వదినా, డబ్బు కట్టాం కదా" అన్నాడు. ఆ మాటకు వాడి అమ్మే జవాబు చెప్పింది, అది ఇక్కడ రాయలేను.

వరుసగా నిలబడి సామాను కిందికి అందించుకున్నాం. వెదుళ్లను బయట వదిలితే గాలికి ఈటెలవుతాయి. అందుకని మోపులు కట్టి స్తంభాలకు వల తాళ్లతో బిగించారు. వల కట్టేవాళ్ల ముడి, ఊడే ప్రశ్నే లేదు. గుడ్డలు గచ్చు మీద పరిచి పడకలు చేశాం. మిగిలింది విగ్రహం. తడిస్తే కరిగిపోతుంది, కిందికి దించలేం. చివరికి గర్భిణులకూ బాలింతలకూ వదిలిన చిన్న గదిలో ఒక మూల నిలబెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. ఆ గంటసేపు ఒక్కరు కూడా పిల్లల్ని కసరలేదు. కరెంటు పోయింది, చాలా రోజులు రాలేదు. జనరేటరు మొదటి తిప్పుకే అందుకుంది. తరువాతి రోజుల్లో దాని పెద్ద పని ఫోన్లకు చార్జింగు పెట్టడమే. చెన్నైలో, మంగళూరులో ఉన్న మగవాళ్లు ఇళ్లవాళ్ల గొంతు విన్నది దానివల్లే.

అక్కడికి రెండు ఊళ్ల అవతల ఇలాంటిదే మరో షెల్టరు ఉంది, పేరు రాయను. అది కట్టిన నాటి నుంచి తాళం వేసే ఉంది. మా కన్నా కొత్త రంగు. ఆ సాయంత్రం తాళం రాకపోతే మోటారు రంపంతో కోద్దామన్నారట, ఆ రంపం తాళం వెనకే ఉంది. చివరికి గొలుసు పగలగొట్టి లోపలికి వెళ్తే పావురాల రెట్ట మడమ లోతు. జనరేటరు కదల్లేదు. జనం రాత్రంతా అందులోనే ఉన్నారు, భవనం నిలబడింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాని రెండో రోజుకే నీళ్లు లేక బడికి మారారు. ఇది పెదమామగారికి కూడా తెలుసు. వాళ్ల అమ్మాయిని ఇచ్చింది ఆ ఊరికే. అయినా కమిటీలో లేచి అన్నది ఏమిటంటే, "పూజ సామాను పెట్టబట్టే కదా ఆ రోజు అంత ఇబ్బంది."

ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకని రసీదు పుస్తకం మార్చాం. ఇప్పుడు ప్రతి రసీదు మీదా అచ్చు వేయించిన షరతు ఉంది: తుఫాను హెచ్చరిక వస్తే ఏ వేడుకైనా, ఏ సమయంలోనైనా హాలు ఖాళీ చేయాలి, అద్దె మొత్తం వాపసు, వండిన వంట ఊరికి. ఆఖరి ముక్క మా పిన్ని పెట్టించింది. అక్టోబరు, నవంబరు తేదీలకు ఆ షరతు పైకి చదివి వినిపించి సంతకం తీసుకుంటాం. హాలులో ఎప్పుడైనా సరే, గంటలో కిందికి దించలేని సామాను పెట్టకూడదని కూడా రాశాం.

ఈ సంవత్సరం కార్తీకంలో ఒక ముహూర్తానికి సోంపేట వైపు నుంచి పెళ్లికూతురి తండ్రి మొన్న వచ్చాడు. షరతు మొత్తం చదివి వినిపించాను. తుఫాను వస్తే ఖాళీ చేయాలి, డబ్బు పూర్తిగా ఇచ్చేస్తాం అన్నాను. శ్రద్ధగా విని, సంతకం పెట్టి, నాలుగు వేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. తరువాత కొంచెం ముందుకు వంగి, "మరి తుఫాను రాకపోతే ఏమైనా తగ్గిస్తారా అమ్మా?" అని అడిగాడు.